ఎకరానికి ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు?

(మండల కేంద్రంలోని గ్రంథాలయంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

నమస్కారం. వెనక వరసలో ఉన్నవారికి వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే. మైకు కొంచెం గరగరలాడుతోంది. ఫర్వాలేదు, నా గొంతూ అంతే.

నన్ను మాట్లాడమన్న విషయం వ్యవసాయానికి ప్రభుత్వ సాయం. ఇది చాలా పెద్ద విషయం. ఎరువుల సబ్సిడీ ఉంది, ఉచిత కరెంటు ఉంది, మద్దతు ధర ఉంది, రుణమాఫీ ఉంది. అన్నీ ముట్టుకుంటే రాత్రి భోజనాలు ఇక్కడే పెట్టాల్సి వస్తుంది. నేను ఒక్కటే తీసుకుంటాను. ఎకరానికి ఇంత అని లెక్కగట్టి నేరుగా ఇచ్చే డబ్బు. మన తెలంగాణలో మొన్నటి దాకా రైతుబంధు, ఇప్పుడు రైతు భరోసా. ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోంది? ఈ ఒక్క ప్రశ్నే.

ముందుగా నా లెక్క చెబుతాను. ఇతరుల లెక్కలు చెప్పేవాడు తన లెక్క దాచుకోకూడదు కదా. నా పేరు మీద ఈ మండలంలోనే మూడెకరాల పది గుంటల, అంటే మూడుంపావు ఎకరాల భూమి ఉంది. మా నాన్నగారి ద్వారా వచ్చింది. 2018 వానాకాలం నుంచి 2023 వానాకాలం దాకా పదకొండు విడతల్లో ఆ భూమికి నాకు అందిన రైతుబంధు 1,72,250 రూపాయలు. మొదటి రెండు విడతలు పదమూడు వేల చొప్పున, తర్వాతి తొమ్మిది పదహారు వేల రెండు వందల యాభై చొప్పున. బ్యాంకు పాసుబుక్కు చూసి కలిపిన లెక్క ఇది.

ఈ పదకొండు పంటల్లో నేను ఆ పొలంలో ఎన్ని రోజులు పనిచేశానో చెప్పమంటారా? ఒక్క పూట. మనవడు సెలవులకు వస్తే నాటు ఎలా వేస్తారో చూపిద్దామని దిగాను. పది పిలకలు నాటేసరికి నడుము పట్టేసింది. నవ్వకండి, మీలో కూడా నాలాంటివాళ్లు ఉన్నారు, నాకు తెలుసు, మీ ఖాతాలు నేను చూసినవే.

మరి ఆ పొలం చేసేదెవరు? కౌలు రైతు. పేరు చెప్పను, ఊరంతటికీ తెలుసు. పన్నెండేళ్లుగా అతనే చేస్తున్నాడు. దుక్కి అతనిది, నారు అతనిది, యూరియా కోసం తెల్లవారుజామున వరసలో నిలబడే చెప్పులు అతనివి. పెట్టుబడి సాయం నాది.

మళ్లీ చెబుతున్నాను. పెట్టుబడి అతనిది. పెట్టుబడి సాయం నాది.

అయితే పథకంలో మంచి ఉంది. ఆ మంచి చెప్పకపోతే నా మాట మీరు నమ్మనక్కరలేదు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు దీన్ని మొదలుపెట్టారు. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, మరుసటి ఏడు నుంచి 5,000. వానాకాలానికి ఒకసారి, యాసంగికి ఒకసారి. అప్పు కాదు, తిరిగి కట్టేది లేదు. విత్తనాల దుకాణానికి వెళ్లేముందే జేబులో ఉండాలన్నది ఆలోచన. గొప్ప ఆలోచన. ఎందుకంటే సన్నకారు రైతుకు నిజంగా ఊపిరాడని నెల జూన్. ఆ నెలలో వడ్డీవ్యాపారి దగ్గర పదివేలు తెస్తే నూటికి మూడు రూపాయలు, ఒక్కోచోట అయిదు రూపాయలు, నెల మిత్తి.

నేను ఎక్కువ కాలం పల్లెటూరి శాఖల్లోనే పనిచేశాను. పంట రుణం కోసం రైతు ఎన్నిసార్లు తిరుగుతాడో చూశాను, తిప్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఊరి భూమి రికార్డు, అదే పహాణీ, నకలు తే. నీ పేరు మీదున్న భూముల పట్టిక, వన్-బీ తే. వేరే బ్యాంకులో బాకీ లేదని కాగితం తే. ఫొటో తే, ఇది పాతది, కొత్తది తే. రైతుబంధుకు ఇవేవీ లేవు. దరఖాస్తే లేదు! రెవెన్యూ రికార్డు నుంచి పట్టాదారుల జాబితా వ్యవసాయ శాఖకు వస్తుంది. వ్యవసాయ విస్తరణ అధికారి, అదే మన ఏఈఓ, ఆధార్, ఖాతా నంబరు తీసుకుంటాడు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ద్వారా నేరుగా ఖాతాలో పడుతుంది. మొదటి రోజు ఎకరం లోపువాళ్లకు, తర్వాత రెండెకరాలవాళ్లకు, అలా చిన్నవాళ్ల నుంచి పెద్దవాళ్ల వైపు. మధ్యలో చెయ్యి తడపాల్సిన మనిషే లేడు. పదకొండు విడతల్లో మొత్తం 72 వేల కోట్ల పైచిలుకు ఇలా వెళ్లింది. సర్కారు సొమ్ము ఇంత శుభ్రంగా ప్రయాణం చేయడం నా సర్వీసులో నేను చూడలేదు.

సొమ్ము ప్రయాణం గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. చిరునామా గురించే ఫిర్యాదు.

2018 మే నెల గుర్తుందా? మొదటి విడత ఖాతాల్లో వేయలేదు, చెక్కులిచ్చారు. ఊళ్లో షామియానా, బల్ల, కొత్త పాసుపుస్తకం, దానితోపాటు చెక్కు. ఆ చెక్కులన్నీ మా కౌంటరుకు వచ్చాయి. అప్పుడు రాష్ట్రంలో నగదుకు కరువు కూడా. ఏటీఎంలు ఖాళీ. ఒక రోజు ఒక పెద్దాయన వచ్చారు. ఎనభైకి దగ్గర ఉంటారు, హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటారు. ఆయన్ని మోటారు సైకిలు మీద తీసుకొచ్చినవాడు ఆయన కౌలు రైతు. పదెకరాలు, నలభై వేల చెక్కు. పెద్దాయన కళ్లద్దాలు మరచిపోయారు. ఇతనే చెక్కు వెనక వివరాలు రాశాడు. ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. నేను నగదు ఇస్తే ఇతనే లెక్కపెట్టాడు, ఒకసారి కాదు, రెండుసార్లు, వేలు తడిచేసుకుంటూ. లెక్క సరిపోయింది అని కట్టను పెద్దాయన జేబులో పెట్టి, జేబుకు పిన్నీసు పెట్టాడు. పెద్దాయన ఆ కట్టలోంచి తీయలేదు, పై జేబులోంచి వంద రూపాయలు తీసి పెట్రోలుకు ఇచ్చారు.

ఆయన చెడ్డమనిషి కాడు. దయచేసి అలా అనుకోకండి. అది ఆయన చెక్కు. ఆయన పేరే ఉంది దాని మీద. చట్ట ప్రకారం అంతా సక్రమం. నాకు మాత్రం ఆ పిన్నీసు ఇప్పటికీ గుర్తే. ఎందుకంటే ఆ సాయంత్రం నా చెక్కు కూడా నేను జమ చేసుకున్నాను. వద్దనుకున్నవాళ్లు వదులుకోవచ్చని ప్రభుత్వం అప్పట్లో చెప్పింది. నేను వదులుకోలేదు.

కౌలు రైతులు ఎంతమంది? ‘ఎవరో నలుగురుంటారు, వాళ్ల కోసం ఇంత గొడవా’ అంటారు కొందరు. రైతు స్వరాజ్య వేదిక అని రైతుల కోసం పనిచేసే సంస్థ 2022లో 34 గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చూస్తే, సాగు చేసేవాళ్లలో నూటికి దాదాపు 36 మంది కౌలుకు చేస్తున్నవాళ్లే తేలారు. వాళ్లలో కొందరికి సొంతంగా ఎకరం, అరెకరం ఉంటుంది. ఆ అరెకరానికి సాయం వస్తుంది, కౌలుకు పట్టిన అయిదెకరాలకు రాదు. ఆ అయిదెకరాల సాయం నాలాంటివాడికి వస్తుంది. పైగా ఆ సాయం వచ్చాక కౌలు తగ్గిందా? మీరే చెప్పండి. ‘రైతుబంధు నాది, కౌలు నీది’, ఇదే కదా మాట? కౌలు ఎకరానికి ఏడాదికి పదహారు వేలు అనుకోండి. దాని మీద రైతుబంధు పదివేలు. గట్టు ఎక్కకుండానే ఇరవై ఆరు వేలు. వడగళ్లు పడ్డా ఇరవై ఆరు వేలే, దోమపోటు వచ్చినా ఇరవై ఆరు వేలే. కొందరు భూయజమానులు ఆ సొమ్మును కౌలులో తగ్గించారు, వాళ్లకు దండం పెట్టాలి. నేను మొదటి రెండేళ్లు తగ్గించలేదు. తర్వాత సగం తగ్గించాను. సగమే ఎందుకని అడగకండి, జవాబు లేదు.

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. 2019 ఫిబ్రవరి 24న మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 6,000, మూడుసార్లు రెండేసి వేలు. అందులో ఒక జల్లెడ ఉంది. ఆదాయపన్ను కట్టేవాళ్లకు, డాక్టర్లకు, లాయర్లకు, నెలకు పదివేలు, ఆపైన పెన్షను తీసుకునేవాళ్లకు లేదు. కాబట్టి నాకు రాదు. మంచిదే. కానీ అక్కడ కూడా భూమి పేరు మీద ఉండాలి. నన్ను తీసేశారు కదా, నా కౌలు రైతును చేర్చారా? లేదు. మా ఇద్దరికీ లేదు. అదొక రకం సమానత్వం!

అసలు కౌలు రైతు పేరు ఎందుకు లేదు? ఎవరో కూర్చుని కుట్ర చేశారని నేను అనను. పాత పహాణీ చూసినవాళ్లు ఇక్కడెంతమంది? పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పహాణీలో పట్టాదారు అని ఒక గడి. దాని పక్కన అనుభవదారు అని ఇంకో గడి. భూమి ఎవరిది అన్నది మొదటి గడి. ఈ ఏడు దున్నుతున్నదెవరు అన్నది రెండో గడి. గ్రామాధికారి పంట కాలంలో చేను చేనూ తిరిగి అజమాయిషీ చేసి అది నింపాలి. తిరిగేవాడా? అందరూ తిరిగేవారు కాదు, చావడిలో కూర్చుని నింపినవాళ్లూ ఉన్నారు. ఆ గడిని అడ్డం పెట్టుకుని భూమి కాజేయబోయినవాళ్లూ ఉన్నారు. తగాదాలు, కోర్టులు. అదంతా నిజమే. అయినా ఒక గడి ఉండేది. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది, 2020 అక్టోబరులో ధరణి అనే కంప్యూటరు భూరికార్డు వచ్చింది. ధరణిలో ఆ గడి లేదు. తప్పుడు పేరు రాస్తున్నారని చెప్పి గడినే తీసేశారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

రెండో కారణం ఇంకా పాతది. భయం. భూయజమాని భయం. మా తాత కౌలుదారుని ప్రతి రెండేళ్లకూ మార్చేవాడు. మంచివాడైనా సరే, బాగా చేసేవాడైనా సరే. ఎందుకు తాతా అని అడిగితే, ‘మూడో ఏడు భూమి వాడిని నాన్నా అంటుంది’ అనేవాడు. 1950లో వచ్చిన తెలంగాణ ప్రాంత కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కు ఇచ్చింది. ఆ తర్వాత 38-ఇ సెక్షను కింద కొందరికి ఆ భూమి మీద యాజమాన్యమే వచ్చింది. న్యాయమైన చట్టం, తరతరాలు దున్నినవాళ్ల కోసం చేసింది. కానీ దాని నీడ ఇప్పటికీ భూయజమాని మనసులో ఉంది. కాగితం రాశామంటే భూమి పోయినట్టే అనుకుంటాడు. అందుకే మన కౌలంతా నోటిమాట. ఉగాదికి మాట, దసరాకు డబ్బు.

దీనికి విరుగుడుగా ఉమ్మడి రాష్ట్రంలో 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. కౌలు రైతుకు ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు. దానివల్ల భూమి మీద హక్కు రాదు, రుణం, పంట నష్టపరిహారం లాంటివి మాత్రమే. చక్కటి చట్టం. మరి ఏమైంది? నేనే చెబుతాను ఏమైందో. ఆ కార్డు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లను నేనే వెనక్కి పంపాను. ఆ సర్వే నంబరు మీద భూయజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే భూమికి రెండు రుణాలు ఇస్తే రేపు ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది. ‘సారూ, కార్డు సర్కారోళ్లే ఇచ్చారు కదా’ అని ఒకాయన అడిగాడు. ‘సర్కారు ఇచ్చింది, బ్యాంకు ఇవ్వలేదు’ అన్నాను. అప్పుడు నాకు అది తెలివైన జవాబు అనిపించింది.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోతాను. అమెరికా. ఆర్కన్సా రాష్ట్రం, పాయిన్‌సెట్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది అనుకోండి. పత్తి నేల. మన వరంగల్, ఆదిలాబాదు చెలకల్లాగే పత్తి తప్ప ఇంకో మాట లేని నేల. 1930ల మొదట్లో పత్తి ధర పడిపోయింది. పంట ఎక్కువైంది కాబట్టి ధర పడింది, పంట తగ్గిస్తే ధర లేస్తుంది అని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో ఒక చట్టం చేసింది. అప్పటికే చేనులో పత్తి ఎదిగి ఉంది. దాన్ని దున్నేయండి, డబ్బిస్తాం అన్నారు. దాదాపు కోటి ఎకరాల పత్తిని పచ్చిగా ఉండగానే దున్నేశారు. అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. వాళ్లకు ఎడ్లు కాదు, కంచర గాడిదలు. మొక్క తొక్కకుండా సాళ్ల మధ్య నడవమని వాటికి నేర్పారు. ఆ రోజు మొక్కల మీదికే తోలితే అవి నడవలేదట. మన ఎడ్లయినా నడుస్తాయా? చెప్పండి.

సరే, డబ్బు వచ్చింది. ఎవరి పేరు మీద? కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవాడి పేరు మీద. అంటే భూయజమాని. అక్కడ పత్తి చేసేది పాలికాపులు, పంటలో వాటా తీసుకుని దున్నేవాళ్లు. నల్లవాళ్లూ ఉన్నారు, పేద తెల్లవాళ్లూ ఉన్నారు. 1934 కాంట్రాక్టులో పాలికాపు వంతు ఎంతో తెలుసా? పౌను పత్తికి మొత్తం నాలుగున్నర సెంట్లయితే భూయజమానికి నాలుగు, పాలికాపుకు అర. ఆ అర సెంటు కూడా చాలాచోట్ల యజమాని దుకాణంలో అప్పు కింద జమైపోయింది. అంతేకాదు. సాగు తగ్గించడానికే డబ్బిస్తున్నారు కదా, సాగు తగ్గితే మనుషులెందుకు? ఖాళీ చేయమన్నారు. సాయం వచ్చింది రైతుకు, ఇల్లు పోయింది రైతుకు. ఇద్దరూ రైతులే, కాగితం మీద ఒక్కడే.

1934 జూలైలో ఆ కౌంటీలోనే, టైరోంజా అనే చిన్న ఊరి దగ్గర, ఒక బడిలో పద్దెనిమిది మంది కూర్చున్నారు. పదకొండు మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో ఇద్దరూ ఒక గదిలో కూర్చోవడమే సాహసం. వాళ్లు పెట్టుకున్నదే సదరన్ టెనెంట్ ఫార్మర్స్ యూనియన్. దక్షిణాది కౌలు రైతుల సంఘం. వాషింగ్టన్‌లో వ్యవసాయ శాఖ లాయర్లు కొందరు, డబ్బు తీసుకున్న యజమాని ఉన్న కౌలుదారులనే ఉంచాలి, తీసేయకూడదు అని చట్టానికి అర్థం చెప్పారు. 1935 ఫిబ్రవరిలో ఆ లాయర్లనే ఉద్యోగం నుంచి తీసేశారు. మరుసటి ఏడు జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది, అది వేరే కారణం మీద.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. సాయాన్ని భూమికి కట్టేస్తే అది భూమి గలవాడి దగ్గరికే పోతుంది, ఏ దేశమైనా. అదే అమెరికాలో ఇంకో తమాషా. 1996 చట్టంతో, ఒకప్పుడు ఏ భూమిలో ఏ పంట వేశారో ఆ పాత లెక్క మీద ఎకరానికి ఇంత అని ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పంట ఇక వేయకపోయినా ఇచ్చారు. టెక్సాస్‌లో వార్టన్ కౌంటీ వైపు పాత వరి భూముల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు కూడా వరి డబ్బు వచ్చింది. పెరట్లో గడ్డి, ఖాతాలో వరి. 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక లెక్కతీస్తే, 2000 నుంచి అప్పటికి 130 కోట్ల డాలర్లు సాగే చేయనివాళ్లకు వెళ్లాయని తేలింది. 2014 చట్టంతో ఆ చెల్లింపులు ఆపారు.

మన దగ్గర ఇళ్ల స్థలాల వెంచర్లకు రైతుబంధు రాలేదా? గుట్టలకు రాలేదా? రోడ్డు కింద పోయిన భూమికి రాలేదా? వచ్చింది. 2025 జనవరిలో ఊరూరా సర్వే చేసి సాగుకు పనికిరాని భూములు తీసేశారు. ఆ నెల 26న రైతు భరోసా మొదలైంది, పంటకు ఎకరానికి 6,000. అంటే నా మూడెకరాల పది గుంటలకు పంతొమ్మిది వేల అయిదు వందలు. 2025 వానాకాలంలో కూడా జూన్‌లో పడింది, మెసేజి వచ్చింది. భూమి లేని కూలి కుటుంబాలకు, ఉపాధి హామీలో ఇరవై రోజులు పనిచేసినవాళ్లకు, ఏడాదికి 12,000 ఆత్మీయ భరోసా అన్నారు. అది కొత్త విషయం, మంచి విషయం. కౌలు రైతుకు కూడా సాయం అని 2023 ఎన్నికల్లో మాట ఇచ్చారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది. జాబితాలోంచి బండరాళ్లను తీయడం సులువు. మనిషిని చేర్చడం కష్టం.

ఇతర రాష్ట్రాల్లో చేశారా అంటే, ప్రయత్నించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి పదకొండు నెలల కార్డు ఇచ్చారు. పదకొండు నెలలు ఎందుకో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు చెప్పనక్కరలేదు. కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. మళ్లీ అక్కడే పీటముడి. పశ్చిమ బెంగాల్‌లో 2019లో పెట్టిన కృషక్ బంధులో నమోదైన పాలికాపులకు కూడా చోటుంది. వాళ్లకెలా కుదిరింది? 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాలో అధికారులు సాయంత్రం పూట ఊళ్లలో కూర్చుని, దున్నేవాళ్లందరినీ ఒకచోటికి పిలిచి, అందరి ముందు పేర్లు రాసుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత డబ్బు పంచాల్సి వచ్చేసరికి పేర్లు ఉన్నాయి. పేరు ముందు, డబ్బు వెనక.

మన దగ్గర ఇప్పుడు ప్రతి అయిదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ ఉన్నాడు. పంట నమోదు చేస్తున్నాడు, ఫోనులో. ఏ సర్వే నంబరులో ఏ పంట అని రాస్తున్నాడు. ఎవరు వేశారు అని ఇంకో గడి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? హక్కుల గడి కాదు, ఈ పంట వరకే. ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది కాబట్టి ఇదే సమయం అని నా అభిప్రాయం.

ఒక్క మాట చెప్పి ప్రశ్నలకు వెళతాను. డబ్బు మాట పక్కన పెట్టండి. 2018 ఆగస్టులో రైతు బీమా వచ్చింది. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి అయిదు లక్షలు. ప్రీమియం ప్రభుత్వానిదే. మా శాఖకు ఆ సొమ్ము తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్లను చూశాను, ఆ డబ్బుతో నిలబడిన ఇళ్లు చూశాను. అదే ఊరిలో, అదే వారంలో, చేనులో పాము కరిచి ఒక కౌలు రైతు పోయాడు. అతని భార్య వచ్చి అడిగింది, మాకు కూడా వస్తుందా అని. అతని ఖాతా తెరిచి చూశాను. నాలుగు వందల పన్నెండు రూపాయలున్నాయి. అవి ఎలా తీసుకోవాలో చెప్పాను.

ప్రశ్నలు

(కౌలు రైతులకు ఇస్తే భూయజమానులు భూమి బీడు పెట్టేస్తారు కదా అని ఒకరు అడిగారు.)

పెట్టరండి. కౌలు వదులుకుని బీడు పెట్టుకునేవాడు ఎవరు? మొదటి ఏడు బెదిరిస్తారు, అంతే. అయితే కౌలుదారుని మాటిమాటికీ మార్చే ప్రమాదం ఉంది, మా తాతలాగా. అందుకే నమోదు రాగానే హక్కు రాదని చట్టంలోనే స్పష్టంగా రాయాలంటున్నాను. భూయజమాని భయం తీరకపోతే ఏ కార్డూ పనిచేయదు. ఇది కౌలు రైతుల సంఘాలవాళ్లకు నచ్చకపోవచ్చు.

(ఉన్న సాయాన్ని ఇద్దరికీ పంచవచ్చు కదా అని మరొకరు అడిగారు.)

పంచవచ్చు. పంచమని నోటితో చెబితే ఎవరూ పంచరు. నేను సగం పంచడానికే రెండేళ్లు పట్టింది, నేను ఊళ్లో మంచివాడినని పేరు.

(మీరు మీ కౌలు రైతుకు కాగితం రాసిచ్చారా అని వెనక నుంచి ఒక అమ్మాయి అడిగింది.)

ఈ ప్రశ్న వస్తుందనుకున్నాను. రాసిచ్చానమ్మా. రెండేళ్ల క్రితం. తెల్లకాగితం మీద, సర్వే నంబరు, మూడెకరాల పది గుంటలు, ఈ ఏడు పంట ఇతనిదే అని రాసి సంతకం పెట్టాను. మా తమ్ముడు పది రోజులు నాతో మాట్లాడలేదు. ఇతను ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లాడు. అక్కడ చూసి, ఇది చెల్లదు, పాసుపుస్తకం తీసుకురా అన్నారట. సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నా పాసుపుస్తకం, నా ఆధార్, నా ఖాతా నంబరు తీసుకుపోయాడు. ధాన్యం డబ్బు నా ఖాతాలో పడింది, మర్నాడు వెళ్లి తీసి ఇచ్చాను. పాసుపుస్తకంతోపాటు ఆ తెల్లకాగితం కూడా తిరిగి ఇచ్చేశాడు, ‘మీ దగ్గరే ఉంచండి సారూ, నా ఇంట్లో తడుస్తుంది’ అని. నా బీరువాలోనే ఉంది.